తేదీ చెప్పినవాడు మర్నాడు కనబడాలి

మా రోజుల్లో ప్రళయం వస్తుందని చెప్పిన మనిషి మర్నాడు పొద్దున్నే అదే వీధిలో నడవాల్సి వచ్చేది. చెప్పిన తేదీ దాటిపోయాక పాలవాడికి, మంగలికి, బడిపంతులికి అందరికీ మొహం చూపించాలి. వాళ్లు అడుగుతారు, ఈయన జవాబు చెప్పుకోవాలి. ఇప్పటి లోకం మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. తేదీలు చెప్పేవాళ్లు పెరిగారు, మర్నాడు కనబడేవాళ్లు లేరు. ఫోన్ తెరిస్తే చాలు, ఫలానా నెల ఫలానా రోజున భూమి బద్దలవుతుందని ఒకడు, ఊళ్లకు ఊళ్లే మునిగిపోతాయని ఇంకొకడు. ఆ రోజు వస్తుంది, వెళ్లిపోతుంది. ఆ వీడియో మాయమవుతుంది. అదే గొంతు ఇంకో తేదీ పట్టుకుని మళ్లీ వస్తుంది. నిలదీసే దిక్కు లేదు.

నేను పుట్టి పెరిగింది హైదరాబాదులో అమీర్‌పేట, పంజగుట్టల మధ్యనే. 1962లో బడికి పోయే పిల్లవాణ్ణి. ఆ ఏడు ఫిబ్రవరి 3 నుంచి 5 దాకా అష్టగ్రహ కూటమి. సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురువు, శుక్రుడు, శని, వీటితో పాటు కేతువు, అన్నీ మకర రాశిలో చేరాయి. దానికి తోడు పుష్యమాసపు అమావాస్య, సూర్యగ్రహణం. ఇక చెప్పేదేముంది! దేశమంతా హోమాలు, యజ్ఞాలు, అఖండ భజనలు. నెయ్యి, సమిధలు బళ్ల మీద తోలుకెళ్లారు. ప్రధాని నెహ్రూ ఇదంతా నవ్వి వదిలేయాల్సిన సంగతి అన్నారు కానీ వినేదెవరు?

మా వీధిలో ఒక సిద్ధాంతిగారు ఉండేవారు. పంచాంగం స్వయంగా గుణించుకోగలిగిన మనిషి. ఆయన నోటి నుంచి కూడా ఆ మాట వచ్చేసింది: ఈ మూడు రోజులూ గండం, గట్టెక్కితే చూసుకోవచ్చు అని. ఆ ఒక్క మాటతో వీధి వీధంతా అల్లాడిపోయింది. పక్కింటివాళ్లు ఇంటికి తాళం వేసి సొంతూరు వెళ్లిపోయారు, చస్తే అందరం ఒక్కచోటే చద్దామని. మా అమ్మమ్మ దాచుకున్న డబ్బులన్నీ తీసి గుడిలో ఇచ్చేసింది. పిల్లల్ని బడికి పంపలేదు. సోమవారం రాత్రి ఎవరికీ నిద్ర లేదు. గుడిలో మృదంగం తెల్లవార్లూ మోగుతూనే ఉంది.

మంగళవారం తెల్లారింది. పాలవాడు వచ్చాడు. అంత భయపెట్టిన గ్రహణం మన దగ్గర కనబడనే లేదు, న్యూ గినియా వైపు, పసిఫిక్ సముద్రం మీదుగా పోయింది. ఆ నెల 19 నుంచి మూడో సాధారణ ఎన్నికలు. అంతమైపోవాల్సిన దేశం రెండు వారాలకు వరసలో నిలబడి ఓటు వేసింది.

నేను చెప్పదలచుకున్నది ఆ మంగళవారం సాయంత్రం సంగతి. సిద్ధాంతిగారు ఇంట్లో దాక్కోలేదు. రోజూ కూర్చునే అరుగు మీదికే వచ్చి కూర్చున్నారు. మా నాయన, ఇంకో నలుగురు పెద్దలు వెళ్లి అడిగారు. "ఏమయ్యా, ఇంతమందిని హడలగొట్టావు, ఏమైంది?" అని. ఆయన తల వంచుకోలేదు, దబాయించనూ లేదు. "గ్రహాలు ఎప్పుడు ఏ రాశిలో ఉంటాయో లెక్క కట్టాను. అందులో విఘడియ తేడా లేదు, కావాలంటే చూసుకోండి. కానీ వాటివల్ల ఏమవుతుందో నేను కట్టిన లెక్క కాదు. అందరూ అంటున్నారని నేనూ అన్నాను. అనకుండా ఉండాల్సింది" అన్నారు. నాకు ఆయన మీద గౌరవం ఆ సాయంత్రమే కలిగింది. లెక్క వేరు, తీర్పు వేరు అన్న తేడా ఆ అరుగు మీద విన్నాను. ఆ తర్వాత ఏ ప్రళయం కబురు వచ్చినా నాకు ఆ మాటే కొలబద్ద అయింది.

1979 జులైలో అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని తెలంగాణ పల్లెలన్నీ వణికాయి. ఎలాగూ పోయేవాళ్లమే కదా అని కోళ్లు, మేకలు కోసుకు తిన్న ఇళ్లు ఎన్నో. అది పోయి ఆస్ట్రేలియా పడమటి కొసన, హిందూ మహాసముద్రంలో పడింది. అప్పటి గాలివార్తలకు కూడా ఒక ఊరు, ఒక పేరు, ఒక మనిషి ఉండేవారు. ఎవరు చెప్పారని అడిగితే "ఫలానా పటేల్ రేడియోలో విన్నాడట" అనేవాళ్లు. వెళ్లి ఆ పటేల్‌నే అడగొచ్చు.

ఇక పంచాంగం మాట. మా ఇంట్లో గోడకు మేకు కొట్టి పంచాంగం వేలాడేసేవాళ్లు. అంచులు నలిగి, పసుపు మరకలు పడి ఉండేది. ఒక్కసారి ఆ పేజీ దగ్గర పెట్టుకుని చూడండి. అడ్డంగా ఒక్కో రోజుకు ఒక్కో వరస. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. తిథి పక్కన రెండు అంకెలు, ఘడియలు, విఘడియలు. ఘడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు, విఘడియ అంటే ఇరవై నాలుగు సెకన్లు. విదియ ఎప్పుడు పోయి తదియ ఎప్పుడు వస్తుందో అంత సన్నంగా లెక్క కట్టి అచ్చు వేశారు. గ్రహణం ఉంటే స్పర్శ, మధ్య, మోక్ష కాలాలు ఏడాది ముందే రాసి ఉంటాయి. తప్పితే లోకమంతా చూస్తుంది. పంచాంగం గుణించేవాడికి అంతకన్నా పెద్ద పరీక్ష ఇంకోటి లేదు. అందుకే వేర్వేరు లెక్కలు కట్టిన పంచాంగాలు పండగ తేదీల దగ్గర కొట్లాడుకునేవి. ప్రభుత్వమే 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన సంఘం వేసి, దేశంలోని పంచాంగాలన్నీ తెప్పించి పరిశీలించి, 1957 మార్చి 22 నుంచి జాతీయ పంచాంగం అమల్లోకి తెచ్చింది.

ఆ సంఘం తేల్చిన సంగతుల్లో ఒకటి మనకు ఇక్కడ పనికొస్తుంది. మన పాత సిద్ధాంతాల సంవత్సరం, ఋతువులు తిరిగే సంవత్సరం కన్నా ఇరవై నిమిషాల పైచిలుకు ఎక్కువ. ఏడాదికి ఆ కాస్తే. కానీ డెబ్బై ఏళ్లు తిరిగేసరికి ఒక రోజు జరుగుతుంది. సంక్రాంతి జనవరి 14 నుంచి 15కు జరుగుతున్నది ఇందుకే. వెయ్యిన్నర ఏళ్ల కిందట పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుకు దగ్గరగా ఉన్న మేష సంక్రమణం ఇప్పుడు మూడు వారాలు దాటి దూరం జరిగింది. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు, వాళ్లకున్న పరికరాలతో అంత దగ్గరగా రావడమే గొప్ప. కానీ ఏ పాత పంచాంగాన్నయినా పట్టుకుని ఫలానా శుక్రవారమే అంతమని చెప్పేవాడు ముందు ఈ మూడు వారాల సంగతి తేల్చి మాట్లాడాలి.

గ్రహణం గురించి ఇంకో మాట. 1980 ఫిబ్రవరి 16 శనివారం మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం మన ప్రాంతం మీదుగానే పోయింది. నగరం ఖాళీ అయింది. పంజగుట్ట చౌరస్తాలో కుక్క కూడా లేదు. దూరదర్శన్‌లో సినిమా వేస్తే జనం తలుపులు బిడాయించుకుని చూస్తూ కూర్చున్నారు. అదే సమయంలో ఊరికి దూరంగా జాపాల్-రంగాపూర్ దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం వేధశాలలో దేశవిదేశాల శాస్త్రజ్ఞులు పరికరాలు పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నారు. రెండు నిమిషాల పైచిలుకు చీకటి. చెప్పిన క్షణానికి వచ్చింది, చెప్పిన క్షణానికి పోయింది. లెక్క గెలిచింది. ఆ గెలుపును కళ్లారా చూడకుండా మేమంతా గదుల్లో కూర్చున్నాం. ఆ తర్వాతి గ్రహణాలకు జన విజ్ఞాన వేదిక లాంటివాళ్లు బయట నిలబడి జనం చూస్తుండగా తిని చూపిస్తుంటే నాకు ఎంతో సంతోషం వేసేది.

ఆ జాపాల్-రంగాపూర్ వేధశాలకు తల్లి మా గడపలోనే ఉంది. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేయడానికి దిగే పిల్లల్లో ఈ సంగతి తెలిసినవాడు నాకు ఇంతవరకు తగల్లేదు. పంజగుట్ట, బేగంపేట మధ్య ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ సెస్ ఉన్న ఆవరణ ఉంది చూడండి, అదే నిజామియా అబ్జర్వేటరీ. నవాబ్ జఫర్ జంగ్ అనే దొర ఇంగ్లండు వెళ్లి చదువుకుని, సొంత డబ్బుతో పదిహేను అంగుళాల దుర్భిణి తెప్పించి, 1901లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అనుమతి తీసుకుని మొదలుపెట్టాడు. తనతోనే అది ఆగిపోకూడదని, తన తర్వాత సర్కారే చూసుకోవాలని కోరాడు. ఆయన పోయాక సర్కారు తీసుకుంది. 1919లో ఉస్మానియా చేతికి వచ్చింది.

అక్కడ జరిగిన పని ఎలాంటిదో చెప్తాను. ప్యారిస్‌లో 1887లో ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞులంతా కూర్చుని ఆకాశం మొత్తానికి పటం గీద్దామని నిర్ణయించుకున్నారు. ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నారు. మన దేశం నుంచి ఆ పనిలో పాలు పంచుకున్నది హైదరాబాదే. దక్షిణాన పదిహేడు నుంచి ఇరవై మూడు డిగ్రీల పట్టీ, తర్వాత ఉత్తరాన ముప్ఫై ఆరు నుంచి ముప్ఫై తొమ్మిది డిగ్రీల పట్టీ మనవాళ్ల వంతు. రాత్రిళ్లు గాజు పలకల మీద ఫొటోలు తీయాలి. పగలు ఆ పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒక్కో చుక్క ఎక్కడుందో గీతల మీద కొలిచి కాగితం మీద ఎక్కించాలి. చుక్క తర్వాత చుక్క. ఛాట్‌వుడ్, పోకాక్ అనే ఇంగ్లీషు దొరలు మొదలుపెట్టారు, తర్వాత టి.పి. భాస్కరన్ పాతికేళ్లు నడిపించారు. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు, పన్నెండు సంపుటాలు. కంప్యూటర్ లేదు, ఏసీ గది లేదు. అక్కడే పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు వేణు బప్పు, ఆ దుర్భిణి దగ్గరే పెరిగి పెద్ద ఖగోళ శాస్త్రజ్ఞుడయ్యాడు. 1949లో ఒక తోకచుక్కకు ఆయన పేరు పెట్టారు, కావలూరు దుర్భిణికీ ఆయన పేరే ఉంది.

ఊరు పెరిగి దీపాల వెలుగు ఆకాశాన్ని కప్పేశాక దుర్భిణి పని రంగాపూర్‌కు పోయింది. అక్కడ 1968లో నలభై ఎనిమిది అంగుళాలది నిలబెట్టారు. చిన్నప్పుడు మేం గోడ పక్కన నడుస్తూ ఆ గుమ్మటాన్ని చూసేవాళ్లం. ఇప్పుడు ఎత్తైన కట్టడాలు, ఫ్లెక్సీలు, మెట్రో స్తంభాలు. పక్క నుంచి వేలమంది పోతారు, ఒక్కరూ తల తిప్పరు. అదే రోడ్డు మీద గోడలకు "భవిష్యత్తు చెప్పబడును, ఇరవై నాలుగు గంటల్లో పరిష్కారం" అని కాగితాలు మాత్రం చదువుతారు. ఆకాశంలోకి నిజంగా చూసినవాళ్లు ఉన్న వీధిలో, ఎన్నడూ చూడనివాళ్ల మాట చెల్లుతోంది. నాకు కడుపు మండేది ఇక్కడే.

2012 సంగతికి వస్తాను. మాయా పంచాంగం ప్రకారం డిసెంబర్ 21న లోకం అంతం అని మూడేళ్ల ముందు నుంచే మోత. 2009లో హాలీవుడ్ సినిమా తెలుగులోకి కూడా వచ్చి కిటకిటలాడింది. డిసెంబర్ వచ్చేసరికి తెలుగు చానళ్లలో రాత్రి తొమ్మిదైతే యుగాంతమే. వెనక సంగీతం, అడుగున ఎర్ర అక్షరాలు, పగిలిపోతున్న భూగోళం. అర్ధగంటకోసారి వ్యాపార ప్రకటనల్లో రక్షా యంత్రాలు. ఆ రోజుల్లో ఒక సాయంత్రం అమీర్‌పేట మైత్రీవనం దగ్గర టీ బల్ల మీద కూర్చుంటే, పక్కన జావా నేర్చుకోవడానికి వచ్చిన ఖమ్మం జిల్లా పిల్లవాడు ఫోన్ పెట్టేసి దిగాలుగా కూర్చున్నాడు. సంగతేమిటంటే, వాళ్లమ్మ టీవీ చూసి ఏడుస్తోందట. గురువారానికల్లా ఇంటికి రమ్మంటోందట. "అంకుల్, నిజంగా ఏమైనా అవుతుందా?" అన్నాడు. బీటెక్ చదివిన పిల్లవాడు.

ముందు మాయా లెక్క ఏమిటో చెప్పాను. వాళ్లు ఇరవైల్లో లెక్కపెట్టేవాళ్లు. ఇరవై రోజులు ఒక విడత. అలాంటివి పద్దెనిమిది కలిపితే మూడు వందల అరవై రోజులు. అది ఇరవైసార్లు, మళ్లీ ఇరవైసార్లు చేస్తే ఒక బక్తూన్, లక్షా నలభై నాలుగు వేల రోజులు. క్రీస్తుకు ముందు 3114 ఆగస్టులో మొదలుపెట్టిన లెక్కలో పదమూడు బక్తూన్లు 2012 డిసెంబర్ 21కి నిండాయి. మర్నాటి నుంచి పద్నాలుగోది. అంతే. వాళ్ల పాలెంకే శాసనంలో క్రీస్తు శకం 4772లో వచ్చే తేదీ కూడా ఉంది. లోకం 2012లోనే పోతుందని నమ్మినవాడు ఆ తేదీ ఎందుకు చెక్కిస్తాడు? గ్వాటెమాలాలోని షుల్తూన్ దగ్గర ఓ చిన్న గది గోడల మీద వాళ్ల లెక్కల పట్టికలు బయటపడ్డాయన్న వార్త వచ్చిందీ ఆ 2012లోనే. ఏడు వేల ఏళ్ల దాకా పనికొచ్చే లెక్కలవి. మాయా జనం ఎక్కడికీ పోలేదు, ఇప్పటికీ మెక్సికోలో, గ్వాటెమాలాలో లక్షల సంఖ్యలో ఉన్నారు. ఆ డిసెంబర్ 21న వాళ్లు తికాల్ గుడి ముందు నిప్పు రాజేసి కొత్త బక్తూన్‌కు పూజ చేసుకున్నారు.

పిల్లవాడికి అది సగమే ఎక్కింది. అప్పుడు మన లెక్కకు వచ్చాను. "మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటారా?" అన్నాను. చేసుకుంటామన్నాడు. "పంతులుగారు సంకల్పం చెప్పించేటప్పుడు కలియుగంలో ఏ పాదంలో ఉన్నామని చెప్తారు?" అన్నాను. కాస్త ఆలోచించి, మొదటి పాదం అన్నాడు. "అదీ సంగతి. కలియుగం నాలుగు లక్షల ముప్ఫై రెండు వేల ఏళ్లు. ఒక్కో పాదం లక్షా ఎనిమిది వేలు. క్రీస్తుకు ముందు 3102లో మొదలైంది, ఇప్పటికి గడిచింది 5,113 ఏళ్లు. మీ అమ్మగారు నమ్మి కొబ్బరికాయ కొట్టిన లెక్క ఇది. దీన్ని నమ్మేవాళ్లు శుక్రవారం ప్రళయాన్ని ఎలా నమ్ముతారు?" అన్నాను. మొహం తేటపడింది. వాళ్లమ్మకు ఫోన్ చేసి అదే చెప్పాడు. నేను చెప్పిన మాయా లెక్క ఆవిడకు పట్టలేదు కానీ, సంకల్పం మాట పట్టింది.

ఆ కలియుగపు లెక్క నేను నమ్ముతానా అంటే, లెక్కగా నమ్ముతాను. గ్రహాలన్నీ ఒక్కచోట నుంచి బయల్దేరినట్టు ఊహించి వెనక్కి గుణించుకుంటూ పోయి మన పూర్వులు పట్టుకున్న తేదీ అది. ఆర్యభటుడు కలిలో మూడు వేల ఆరు వందల ఏళ్లు నిండేసరికి తనకు ఇరవై మూడేళ్లని రాసుకున్నాడు, అందువల్లే ఆయన కాలం మనకు దొరికింది. ఎక్కడ నిలబడి ఉన్నామో చెప్పడానికి పెట్టుకున్న గుర్తు అది. ఎప్పుడు చస్తామో చెప్పడానికి కాదు.

మన సంవత్సరాల పేర్లే చూడండి. ప్రభవతో మొదలై క్షయతో ముగుస్తాయి, అరవై. క్షయ అయ్యాక మళ్లీ ప్రభవ. గురువు పన్నెండేళ్లకు, శని దాదాపు ముప్ఫై ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతారు కాబట్టి అరవై ఏళ్లకు ఇద్దరూ ఇంచుమించు మొదటి చోటికే వస్తారు. నేను 1950లో వికృతి నామ సంవత్సరంలో పుట్టాను. 2010లో మళ్లీ వికృతి వచ్చింది. పిల్లలు షష్టిపూర్తి చేశారు, నా భార్య మెడలో మళ్లీ తాళి కట్టించారు. మన ఇళ్లలో పంచాంగం ఒక చుట్టు నిండితే జరిగేది ఇది: బంధువులు, పప్పన్నం, పట్టుబట్టలు. పన్నెండేళ్లకు పుష్కరాలు, అరవైకి షష్టిపూర్తి. చుట్టు పూర్తయితే పండగ చేసుకునే జాతి, ఎవరో సముద్రాల అవతలి వాళ్ల చుట్టు పూర్తయిందని విని ఏడుస్తూ కూర్చోవడం నాకు అర్థం కాదు.

పాత పంచాంగాలకు లోకంలో ఉన్న పరువు వాటిని గుణించినవాళ్లు వందల ఏళ్లు గ్రహణాలు సరిగ్గా చెప్పి సంపాదించుకున్నది. ప్రళయం తేదీలు చెప్పేవాళ్లు ఆ సంతకం కింద తమ చెక్కు రాసుకుంటున్నారు. ఆ చెక్కు చెల్లకపోతే పోయేది మాయావాళ్ల పరువు, మన సిద్ధాంతుల పరువు.

ఈ అమీర్‌పేటే ఒకప్పుడు నిజమైన పంచాంగపు గండాన్ని కూడా చూసింది. కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్నారు కనుక, 1999 డిసెంబర్ 31 అర్ధరాత్రి దాటితే యంత్రాలు 2000ను 1900 అనుకుంటాయన్న భయం. అది వట్టి పుకారు కాదు, లెక్కలో ఉన్న లోపం. అప్పుడు ఎవరూ యాగాలు చేయలేదు. మైత్రీవనం చుట్టుపక్కల గదుల్లో మన పిల్లలు పాతబడ్డ కోబాల్ భాష నేర్చుకున్నారు. ఆస్తులు తాకట్టు పెట్టి అమెరికా పోయి, రాత్రింబగళ్లు కూర్చుని వరస వరసా వెతికి సరిచేశారు. జనవరి 1 మామూలుగానే తెల్లారింది. పని చేశారు గనక తెల్లారింది. నిజంగా తేదీలో ప్రమాదం ఉంటే దాని తీరు ఇలా ఉంటుంది: ఎక్కడ తప్పో వేలు పెట్టి చూపించొచ్చు, సరిచేయొచ్చు. కూటమి పేరు చెప్పి భయపెట్టేవాణ్ణి ఎక్కడ తప్పుందో చూపించమనండి, తాయెత్తు చూపిస్తాడు.

"మరి కరోనా?" అని నన్ను ఎదురడిగినవాళ్లున్నారు. 2019 డిసెంబర్ 26న ధనుస్సులో ఆరు గ్రహాలు కలిశాయి, సూర్యగ్రహణం పట్టింది, ఆ వెంటనే మహమ్మారి వచ్చింది కదా అంటారు. నేనూ ఇంట్లో మనుషుల్ని పోగొట్టుకున్నాను, ఆ మాట తేలిగ్గా కొట్టిపారేయను. కానీ ఆ గ్రహణానికి ముందు నేను విన్న జోస్యాల్లో ఒక్కటీ మాస్కు కట్టుకోమనలేదు, ఆక్సిజన్ సిలిండర్లు సమకూర్చుకోమనలేదు. వచ్చాక మాత్రం అందరూ మేం ముందే చెప్పామన్నారు. 2021 ఫిబ్రవరిలో మకరంలోనే మళ్లీ ఆరు గ్రహాలు చేరాయి. 1962 కూటమి చోటే, అదే మాఘం ముంగిట. ఆ నెలలో జనం టీకాలు వేయించుకుంటున్నారు. కూటమి వల్ల రోగం వచ్చిందంటే, కూటమి వల్లే టీకా వచ్చిందని కూడా ఒప్పుకోవాలి. బ్రహ్మంగారి కాలజ్ఞానాన్ని కూడా ఇలాగే లాగుతున్నారు. కందిమల్లాయపల్లెలో కులాల గోడలు కూలగొట్టే మాటలు చెప్పిన ఆ మహానుభావుణ్ణి, ప్రతి వరదకూ ప్రతి రోగానికీ సాక్షిగా నిలబెట్టడం ఆయనకు చేసే అన్యాయం.

2012 డిసెంబర్ 22 శనివారం. అమీర్‌పేటలో ఎప్పటిలాగే ఆటోలు, కరపత్రాలు పంచేవాళ్లు, మెట్ల మీద పిల్లల వరసలు. ఇంకో ఐదు రోజులకు తిరుపతిలో ప్రపంచ తెలుగు మహాసభలు మొదలయ్యాయి. నేను ఆ రాత్రి కావాలని టీవీ ముందు కూర్చున్నాను. వారం రోజులు ఖమ్మం జిల్లా తల్లిని ఏడిపించినవాళ్లలో ఒక్కరైనా వచ్చి "మేం చెప్పింది తప్పు, మన్నించండి" అంటారేమోనని. ఎవ్వరూ రాలేదు. ఇంకేదో చర్చ నడుస్తోంది. మా సిద్ధాంతిగారు గుర్తొచ్చారు. ఆయనకు టీవీ లేదు, సూటూబూటూ లేదు. అరుగు మీదికి వచ్చి కూర్చునే ధైర్యం ఉంది.

ఇప్పుడు ఇంకో తేదీ తిరుగుతోంది, నా మనవడే చూపించాడు. 2029 ఏప్రిల్ 13. అపోఫిస్ అనే గ్రహశకలం, మూడు వందల మీటర్లకు పైగా ఉన్న బండ, భూమికి దాదాపు ముప్ఫై రెండు వేల కిలోమీటర్ల దూరంలో నుంచి పోతుంది. ఇది నిజం, దీన్ని లెక్క కట్టింది దుర్భిణుల్లో చూసినవాళ్లే. కనీసం నూరేళ్ల దాకా అది మనల్ని ఢీకొట్టదని 2021లో నాసా తేల్చి చెప్పింది. కానీ అది శుక్రవారం, పదమూడో తారీఖు, పైగా అమావాస్య రాత్రి. ఇంతకన్నా మంచి సరుకు భయం అమ్ముకునేవాళ్లకు దొరకదు. ఏదో ఒక పాత పంచాంగాన్ని దానికి అతికిస్తారు, చూడండి.

మీకు చేతనైతే రెండు పనులు చేయండి. పంజగుట్ట వైపు వచ్చినప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని నిజామియా అబ్జర్వేటరీ ఎక్కడుండేదో చూపించండి, అక్కడ కూర్చుని చుక్కలు కొలిచినవాళ్ల గురించి చెప్పండి. ఇక ఆ శుక్రవారం గురించి మీకు ఎవరైనా భయం చెప్తే, ఆ మనిషి పేరు, చెప్పిన మాట, ఒక కాగితం మీద రాసి దాచండి. ఏప్రిల్ 14 శనివారం పొద్దున ఆ కాగితం పట్టుకెళ్లి అడగండి. పక్కింటివాడైతే ఇంటికెళ్లి అడగండి, చానలైతే ఉత్తరం రాసి అడగండి. జవాబు వచ్చేదాకా అడగండి.